గురువుగారి మొదటి పేజీ కొట్టేసిన రోజు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఇన్నేళ్లు కంప్యూటర్ల దగ్గర పనిచేశారు కదా, మీరు చేసిన పెద్ద పని ఏమిటి?" అని అడుగుతుంటారు. ఒక పాత పేజీ కొట్టేయించాను అని చెబుతాను. పరాచికాలాడుతున్నాననుకుని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ఒక్క పేజీకి పట్టినంత ఓపిక నా ఇద్దరు పిల్లల్ని పెంచడానికి కూడా పట్టలేదు.

మా ఆఫీసు భిలాయిలో, పవర్ హౌస్ మార్కెట్లో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉండేది. కిటికీ తీస్తే ఆటోల గోల, మూస్తే ఉక్కపోత. ఆసుపత్రులకీ బడులకీ కావలసిన ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం. కంపెనీ పెట్టినవాళ్లు అంతకుముందు వర్క్‌షాపుల్లో పనిచేసి బయటికి వచ్చినవాళ్లు. అందుకని మా పద్ధతులన్నీ కంప్యూటర్ ఆఫీసు పద్ధతులు కావు, వర్క్‌షాపు పద్ధతులు. విశ్వకర్మ పూజ రోజున వర్క్‌షాపుల్లో లేత్ మెషీన్లకి బొట్టు పెట్టినట్టు మేం కంప్యూటర్లకి పెట్టేవాళ్లం. వాటి పక్కనే మా ప్రోగ్రామింగ్ గైడు ప్రింటు కాపీని పీట మీద పెట్టి దానికీ పసుపు కుంకుమలు అద్దేవాళ్లం. ఏటేటా పడిన కుంకుమతో మొదటి పేజీ ఎర్రబడిపోయింది.

నేనక్కడ డేటా ఎంట్రీతో మొదలుపెట్టి, ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, చివరికి డాక్యుమెంటేషన్‌లో పడ్డాను. అంటే గైడును ఎప్పటికప్పుడు సరిచేసే పని. మోకాళ్లు పట్టేసినవాళ్లని స్టోర్స్‌లో కూర్చోబెడతారు చూడండి, అలా ఇచ్చారు నాకది. ఎవరూ కోరుకోని పని, ఎవరూ మెచ్చుకోని పని. బాగా చేస్తే చేసినట్టే తెలియదు.

ఆ గైడు రాసినాయన మా మొట్టమొదటి చీఫ్ ప్రోగ్రామరు. శ్రీకాకుళం మనిషి. తెలుగువాళ్లూ హిందీవాళ్లూ అన్న తేడా లేకుండా అందరూ ఆయన్ని గురువుగారనే పిలిచేవాళ్లు. రిటైరై ఊరి పక్కనే భిలాయి-3 అనే పేటలో సొంత ఇంట్లో ఉంటున్నా, ఆఫీసులో ఆయన మాటకి తిరుగుండేది కాదు. ఆయన పెట్టిన నియమం ఒకటి ఉంది. గైడులో ఒకసారి రాసిన పేజీని కొట్టెయ్యకూడదు. మార్పేదైనా వస్తే చివర సవరణ అని చేర్చాలి. పాతది పాతదిగానే ఉండాలి.

ఇక్కడ కాస్త సాంకేతికం తప్పదు. కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. మేం వాడే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్‌కి ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరొకటి కనబడితే చాలు, బెంబేలెత్తి మధ్యలో ఆగిపోయేది. అందుకని గురువుగారు మొదటి పేజీలోనే ఒక మంత్రం రాశారు. పేరు చేతికి రాగానే ముందు శుభ్రం చెయ్యి, నీకు తెలియని అక్షరం వస్తే ఆగకు, వదిలేసి ముందుకెళ్లు అని యంత్రానికి చెప్పే ఒకే ఒక్క లైను. ఆ రోజుల్లో పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఎక్కించేవాళ్లు కాబట్టి ఆ లైను వదిలేసేది నిజంగా చెత్తే. ఎక్కడినుంచో అంటుకొచ్చిన పిచ్చి గుర్తులు, అంతే.

తర్వాత యూనికోడ్ వచ్చింది. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ ఒక సొంత అంకె దొరికింది. భాష కొత్త వెర్షన్‌కి తెలుగూ హిందీ అన్నీ పుట్టుకతోనే తెలుసు. ఆ లైను అవసరమే లేదు. కాని రాస్తే మాత్రం అది ఇప్పటికీ పనిచేస్తుంది. ఇంగ్లీషు కాని ప్రతి అక్షరాన్నీ నిశ్శబ్దంగా తీసి పారేస్తుంది.

నేను ఈ సంగతి సవరణగా రాశాను, చివరి పేజీలో. అక్కడికి చేరే ఓపిక ఎవరికుంటుంది? మొదటి పేజీ తీసేద్దామని మా మేనేజరుని అడిగాను. రాయ్‌పూర్ వైపు మనిషి, చెడ్డవాడు కాదు, కాని ఏ నిర్ణయం కిందా తన సంతకం ఉండకూడదనే రకం. "మేడమ్, గురువుగారి పేజీ అది. పూజలో పెడతాం. దాని జోలికి ఎందుకు?" అన్నాడు. మరోసారి అడిగాను. నవ్వి టీ తెప్పించాడు. ఆ తర్వాత అడిగినప్పుడు టీ కూడా తెప్పించలేదు.

అప్పుడే ఆ అమ్మాయి చేరింది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. ఇంట్లో ఉత్తరాంధ్ర మాట, బయట హిందీ. రెండూ కలిపి గడగడా మాట్లాడేది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. దుర్గ్‌లో ఒక ఆసుపత్రికి మేం చేస్తున్న పనిలో ఒక ముక్క ఆమెకి అప్పజెప్పారు. చేర్పుల కౌంటర్లో ఎక్కించిన రోగుల వివరాలు వార్డులో నర్సు ముందున్న తెరమీదికి చేర్చాలి. ఒకే మనిషి రెండుసార్లు చేరితే పేరూ పుట్టిన తేదీ చూసి రెండు ఫైళ్లనీ కలపాలి. అమ్మాయి గైడు తెరిచింది, మొదటి పేజీ చదివింది, శ్రద్ధగా ఆ లైను రాసింది. ఆమె పని తనిఖీ చేసినవాళ్లు కూడా ఆ లైను చూసి, గైడు ప్రకారం చేసిందని మెచ్చుకున్నారు. పరీక్షకి పెట్టిన పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అంతా సవ్యంగా నడిచింది.

ఆసుపత్రివాళ్లు గుర్తింపు కార్డులో ఉన్నట్టే హిందీలో పేర్లు ఎక్కించడం మొదలుపెట్టారు. ఒకే వార్డులో ఇద్దరు పెద్దావిడలు చేరారు. పుట్టిన తేదీ తెలియని మా తరంవాళ్లందరికీ కార్డులో జనవరి ఒకటో తేదీ వేసేస్తారని మీకు తెలిసే ఉంటుంది. వీళ్లకీ అదే తేదీ, ఒకే సంవత్సరం. మా ప్రోగ్రాం ఇద్దరి పేర్లనీ శుభ్రం చేసింది. ఇద్దరి పేర్లూ ఖాళీ అయ్యాయి. ఖాళీ, ఖాళీ ఒకటే కాబట్టి ఇద్దరూ ఒకే మనిషి అని తేల్చి ఫైళ్లు కలిపేసింది.

వాళ్లలో ఒకావిడ దగ్గరికి నర్సు పెన్సిలిన్ సూది మందు తీసుకుని వెళ్లింది. తెరమీద పేరు చోటు ఖాళీగా ఉంది. ఈమధ్య కంప్యూటర్లు ఇలాగే ఏడుస్తున్నాయి కదా అనుకుని నోటితోనే పేరడిగింది, అలవాటు కొద్దీ ఏ మందైనా పడదా అని కూడా అడిగింది. పక్కనున్న కోడలు, పెన్సిలిన్ పడదని చెప్పింది. తెరమీదేమో, రెండో ఆవిడ వివరాలు కలిసిపోయి, అలాంటిదేమీ లేదని ఉంది. నర్సు ఆగిపోయింది. ఆవిడకి ఏమీ కాలేదు. కాని ఆసుపత్రి నుంచి వెంటనే మా ఆఫీసుకి ఫోను వచ్చింది.

మేనేజరుకి ఒక పేరు కావాలి, ఆసుపత్రికి చూపించడానికి. అమ్మాయి పేరు దొరికింది. ఆమెని తీసేస్తే విషయం ముగిసిపోతుందని అతని లెక్క. కారణంగా 'నిర్లక్ష్యం' అని రాస్తానన్నాడు. మా ఊరు పెద్ద ఊరే, కాని ఈ పని చేసే ఆఫీసులు నాలుగైదుకి మించి లేవు. రోగి ప్రాణం మీదికి తెచ్చిన పిల్ల అని ఒకసారి పేరు పడితే వాటిల్లో ఏ గడపా ఎక్కనివ్వరు. అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఏడవడం లేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"ఆంటీ, సచ్ మే నాకేటీ తెలీదు. పేజీలో ఏటుందో అదే చేసేను. చదవకుండా చేస్తే తప్పు, చదివి చేసినా తప్పేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది, ఆ అమ్మాయి మీద కాదు. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లాను.

"ఆ పిల్ల చేసింది గైడులో ఉన్నదే. అది తప్పని చివరి పేజీలో నేనే రాశాను."

"మరి చివరిదాకా చదవాలి కదా మేడమ్?"

"మీరెప్పుడైనా చదివారా?"

అతను ఫ్యాను వైపు చూశాడు. "దేఖియే మేడమ్, పేజీ తప్పని నేను చెప్పలేను. గురువుగారు చెబితే అది వేరే మాట. సాయంత్రం ఆసుపత్రివాళ్లకి ఉత్తరం పంపాలి. అంతవరకు ఆగుతాను."

ఎండ మండిపోతోంది. అమ్మాయినీ ఆమె ల్యాప్‌టాప్‌నీ ఆటోలో ఎక్కించుకుని భిలాయి-3 వెళ్లాను. రిటైర్ కావడానికి నాకింకా కొద్దికాలమే ఉంది, ఎందుకొచ్చిన గొడవ ఇదంతా అని ఒక పక్క అనిపిస్తూనే ఉంది. ఆటో వెనక్కి తిప్పమని మాత్రం అనలేదు.

గురువుగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూసి లేవబోయారు.

"రామ్మా రా. ఏటి, ఇంత ఎండలో బయల్దేరీసేవు? ఈ పిల్లెవరు?"

"మన ఆఫీసు పిల్లేనండీ. మనోళ్లమ్మాయే."

"ఏ ఊరమ్మా మీది?"

"ఇక్కడే తాతగారూ. పాపా వాళ్లది మీ వైపే అంటారు. నేనెప్పుడూ చూళ్లేదు."

ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. జరిగిందంతా చెప్పాను. మొదటి పేజీ కొట్టెయ్యాలి, అది తప్పని మీరు ఒక్క మాట మేనేజరుతో అనాలి అన్నాను. ఆయన మొహం మారిపోయింది.

"నేను తప్పు రాసేనేటి?"

"తప్పు కాదండీ. అప్పటికి కరెక్టే."

"కరెక్టయితే ఎందుకు కొట్టీడం? సవరణ రాసుకోండి. ఎన్నిసార్లు చెప్పేను మీకు?"

"రాసేనండీ. ఎవరూ అక్కడిదాకా చదవట్లేదు."

"చదవకపోతే చదవమని చెప్పండి. దానికి పేజీ ఏం చేసింది?"

నేనేదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపారు. అప్పుడు చెప్పారు, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి. కంప్యూటర్లలోకి రాకముందు ఆయన ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేశారట. కొత్త క్రేను రాగానే పాత క్రేను ఎలా నడపాలో రాసి ఉన్న బోర్డు పీకి పారేశారట. కొన్నాళ్లకి కొత్తది చెడిపోయి పాత క్రేనునే మళ్లీ ఎక్కించారు. బోర్డు లేదు. నడిపినవాడికి అది ఎంత బరువు మోస్తుందో తెలియదు. కింద ఉన్న ఆయన స్నేహితుడి చెయ్యి పోయింది.

"అందుకే చెప్పేను. పాతది ఎప్పుడు మళ్లీ అవసరం పడతాదో మనకేటి తెలుసు? కొట్టీడం సులువే అమ్మా."

నా కోపం కొంత చల్లారింది. ఆయన చాదస్తం అని ఇన్నేళ్లూ విసుక్కున్నదాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంది.

"గురువుగారూ, మన దగ్గర పాత వెర్షన్ నడిచే మెషీను ఇప్పుడు ఒక్కటీ లేదండీ. మన దగ్గరే కాదు, ఆ వెర్షన్ చేసినవాళ్లే దాన్ని వదిలేశారు. ఆ క్రేను ఇక మళ్లీ రాదు."

ఆయన పడక్కుర్చీలో లేచి కూర్చున్నారు.

"ఒక్కటీ లేదా? ఎప్పుడు తీసీసేరు?"

"చాలా రోజులైందండీ."

"మరి నాకెవరూ చెప్పలేదే."

నిజమే, ఎవరూ చెప్పలేదు. పూజకి పిలిచి శాలువా కప్పి పంపేవాళ్లమే కాని, మీ యంత్రాలు పోయాయని ఎవరమూ అనలేదు. అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది.

"తాతగారూ, ఒక పేరు చెప్పండి. తెలుగులో కొడతాను."

"నాదే కొట్టు."

కొట్టింది. పేరు తెరమీద పైన కనబడింది. గైడు మొదటి పేజీలోని లైను ఉన్నదున్నట్టు కింద రాసి నడిపింది. ఆయన ముందుకి వంగి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏదీ?"

"అంతే తాతగారూ. అయిపోయింది."

"ఏటి అయిపోయింది? నా పేరేదీ?"

"వదిలేసింది."

"తప్పొచ్చిందని కూడా చెప్పదేటి?"

"చెప్పదండీ," అన్నాను నేను. "ఆగకు, వదిలేసి ముందుకెళ్లు అని మీరే దానికి చెప్పారు."

అమ్మాయి ఆగలేదు. ఆయన భార్య పేరూ అడిగి కొట్టింది. అదీ ఖాళీ అయింది. ఇద్దరి పుట్టిన తేదీలూ ఒకటేనని పెట్టి, ఇద్దరినీ పోల్చమంది. ఇద్దరూ ఒకే మనిషి అని తెరమీద వచ్చింది. గుమ్మం దగ్గరున్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పెళ్లయిన్నాటి నుంచీ మా ఇద్దరికీ ఒక్క మాట కలవలేదు. ఇదేటి ఒకటే అంటాది?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఆ ఆసుపత్రిలో ఆవిడకి ఏటీ అవలేదు కదా?" అని అడిగారు.

"అవలేదండీ. నర్సు ఆపింది."

ఆయన ల్యాప్‌టాప్‌లో గైడు తెరవమన్నారు. అమ్మాయి తెరిచింది. మొదటి పేజీ మొత్తం పైనుంచి కిందిదాకా పెదవులు కదుపుతూ చదివారు. తను రాసినదాన్ని ఆఖరిసారి చదువుకుంటున్న మనిషిని చూడడం కష్టం. నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

"నువ్వే కొట్టీ అమ్మా," అన్నారు అమ్మాయితో. "నా చేత్తో నేను కొట్టలేను."

ఆ పిల్ల నా వైపు చూసింది. తలూపాను. కొట్టేసింది. ఆయన ఫోను తీసి మేనేజరుకి కలిపి హిందీలో రెండు ముక్కలు మాట్లాడారు. తప్పు ఆ పిల్లది కాదు, నా పేజీది, ఉత్తరంలో ఎవరి పేరైనా రాయాల్సి వస్తే నా పేరు రాయండి అన్నారు. అటునుంచి జీ, జీ అన్న మాట తప్ప వేరే ఏమీ వినబడలేదు.

ఇక్కడితో అందరూ సుఖంగా ఉన్నారు అని రాస్తే బాగుండేది. సాయంత్రం వెళ్లిన ఉత్తరంలో ఎవరి పేరూ లేదు. 'సాంకేతిక కారణం' అని ఉంది. ఆ రెండు మాటల కింద మన దేశంలో ఎన్ని సంగతులు పడుకుని ఉన్నాయో. అమ్మాయి ఉద్యోగం నిలిచింది, కాని ప్రొబేషన్ ఇంకొంత కాలం పొడిగించారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆమెకి క్షమాపణ చెప్పాలని ఎవరికీ తట్టలేదు. తెరమీద కొట్టేసిన పేజీ సొరుగుల్లో ప్రింటు కాపీలుగా బతికే ఉంది. నెలల తరబడి ఒక్కో బల్లా వెతుకుతూ, ఒక్కోళ్లనీ బతిమాలుతూ ఆ కాపీలు ఏరాను. "చీపురు పట్టుకొస్తే సరిపోయేది ఆంటీ" అని ఒకడు ఎకసెక్కాలాడాడు. పూజలో పెట్టే కాపీ మాత్రం ఇవ్వనన్నారు. దాన్ని అలాగే వదిలేశాను. దేవుడి దగ్గర ఉన్నది ఎవరూ చదవరులే అనుకున్నాను.

ఉద్యోగంలో మిగిలిన కాలమంతా గైడు తిరగరాయడంతోనే సరిపోయింది. పరీక్షకి పెట్టే పేర్లలో తెలుగు, హిందీ, ఒడియా తప్పనిసరి చేశాను. ఇకనుంచి ఏ పేజీ అయినా పనికిరాదని తేలితే, తేల్చినవాళ్లే కొట్టేసి, రాసినవాళ్లకి తర్వాత చెప్పాలని కొత్త నియమం పెట్టించాను. మేనేజరు దాని కింద సంతకం పెట్టాడు. పెన్నులో ఇంకు అయిపోయిందని ఒక రోజు, కళ్లజోడు మర్చిపోయానని మరో రోజు తప్పించుకుని, చివరికి పెట్టాడు. నాకు వీడ్కోలు చెప్పిన రోజున గురువుగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వెళ్లేటప్పుడు నా తలమీద చెయ్యి పెట్టారు.

నేను ఇంట్లో కూర్చున్న ఈ రోజుల్లో ఆ అమ్మాయి ఆ ఆఫీసులో పెద్ద ప్రోగ్రామరు. మొన్నొక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఆంటీ, రోగుల చేతికి కట్టే పట్టీ మీద పొడుగు పేర్లు ఎలా కుదించాలో మీరు రాసిన పేజీ ఉంది కదా. భాష వెర్షన్ మళ్లీ మారింది. ఆ పేజీ ప్రకారం చేస్తే పేర్లు మధ్యలో విరిగిపోతున్నాయి. ఇవాళ తీసీసేను. నియమం ప్రకారం మీకు చెప్తున్నాను."

ఆ పేజీ కోసం నేను ఎంత కష్టపడ్డానో ఆ పిల్లకి తెలుసు. పక్కనే కూర్చుని చూసింది. నాకు ముందు బాధే కలిగింది. సంతోషం తర్వాత వచ్చింది, కాస్త ఆలస్యంగా. మంచిపని చేశావమ్మా అన్నాను. ఇక ఉంటానంది.

"ఫోన్ పెట్టీకు," అన్నాను. "దాని చోట నువ్వేం రాశావో చదివి వినిపించు."

చదివింది. మెల్లగా, నాకోసం అక్కడక్కడ ఆగుతూ చదివింది. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు ఊఁ కొడుతూ చివరిదాకా విన్నాను.